స్వామికార్యం, స్వకార్యం: ప్లేస్టేషన్‌లో సినిమా

పిల్లలకి గేమ్ కన్సోల్ కొనాలన్నప్పుడు ప్రతి ఇంట్లోనూ ఒక మాట వినిపిస్తుంది. "అమ్మా, ఇందులో సినిమాలు కూడా చూసుకోవచ్చు తెలుసా?" అని. అడిగేది ఆటల కోసం, ఆశ పెట్టేది మాత్రం సినిమా. స్వామికార్యం, స్వకార్యం రెండూ ఒక్క దెబ్బతో అయిపోతాయన్న మాట! ఇది మన పిల్లలు సొంతంగా కనిపెట్టిన తెలివి అనుకుంటున్నారేమో, కాదు. పాతికేళ్ల కిందట జపాన్‌లో ఒక పెద్ద కంపెనీ ఇదే మాట చెప్పి లక్షల ఇళ్లలోకి వెళ్లింది.

సినిమా చూడటానికి గేమ్ కన్సోల్ చాలా, విడిగా ప్లేయర్ ఉండాలా అన్న ప్రశ్నకి మంచి చరిత్రే ఉంది. అందులో కంపెనీల కొట్లాటలున్నాయి, దేశానికో రకం టీవీ పద్ధతి ఉంది, మన పెళ్లి వీడియోల గొడవ కూడా ఉంది. యంత్రాల సంగతి మనకెందుకులే అనుకోకండి. చివరికి ఇది మన బీరువాలో ఉన్న డిస్కుల దగ్గరికే వస్తుంది.

ముందు కాస్త వెనక్కి వెళ్దాం. 1975లో సోనీ వాళ్లు బీటామాక్స్ అనే వీడియో క్యాసెట్టు తెచ్చారు. మరుసటి ఏడాది, 1976లో, జేవీసీ అనే ఇంకో జపాన్ కంపెనీ వీహెచ్ఎస్ తెచ్చింది. బొమ్మ బీటామాక్స్‌లోనే బాగుంటుందని తెలిసినవాళ్లు అనేవారు. కానీ మొదటి బీటామాక్స్ క్యాసెట్టులో గంటసేపే పట్టేది, వీహెచ్ఎస్‌లో రెండు గంటలు పట్టేది. ఇంట్లో కూర్చుని సినిమా చూసేవాళ్లకి ఏది కావాలో వేరే చెప్పాలా? సోనీ ఓడిపోయింది. 1988లో తానే వీహెచ్ఎస్ యంత్రాలు తయారు చేయాల్సి వచ్చింది. ఈ ఓటమిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

మన దగ్గర 1982 ఢిల్లీ ఆసియా క్రీడలతో కలర్ టీవీ వచ్చింది. ఆ వెనకే వీడియో వచ్చింది. కొనగలిగినవాళ్లు తక్కువ. టీవీ, వీసీపీ, నాలుగు క్యాసెట్లు కలిపి ఒక రాత్రికి అద్దెకి తెచ్చుకునేవాళ్లు. వీధి వీధంతా ఒకే ఇంట్లో చేరి తెల్లవార్లూ సినిమాలు చూసిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. మూడు గంటలు పట్టే 180 క్యాసెట్టు మన సినిమాలకి సరిగ్గా సరిపోయేది.

తర్వాత వీసీడీ. 1993లో దీని పద్ధతి ఖరారైంది. ఒక్క డిస్కులో 74 నిమిషాలే పట్టేది కాబట్టి మన సినిమా రెండు డిస్కులు, ఒక్కోసారి మూడు డిస్కులు అయ్యేది. మంచి పాట దగ్గరో, క్లైమాక్సు ముందో ఎవరో ఒకరు లేచి డిస్కు మార్చాలి. ఆ లేచే మనిషి వంటింటి పని మధ్యలో ఉన్నవాళ్లే ఎందుకవుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. అయినా వీసీడీని మనవాళ్లు ఎంతగా సొంతం చేసుకున్నారంటే పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు అన్నీ క్యాసెట్టు వదిలి వీసీడీలోకి మారిపోయాయి.

గేమ్ కన్సోల్‌లో సినిమా అన్న ఆలోచన కూడా ఈ వీసీడీ రోజుల్లోనే మొదలైంది. 1994లో జపాన్‌లో వచ్చిన సెగా శాటర్న్‌కి విడిగా ఒక కార్డు కొని బిగిస్తే వీసీడీలు ఆడేవి. అదే ఏడాది డిసెంబరులో సోనీ మొదటి ప్లేస్టేషన్ వచ్చింది. వీసీడీలు బాగా అమ్ముడుపోయే ఆసియా దేశాల కోసం, వాటిని ఆడించగలిగే తెల్లరంగు ప్లేస్టేషన్‌ని కూడా సోనీ తర్వాత తయారు చేసింది. అయితే అవి చాలా కొద్ది ఇళ్లకే చేరాయి. అసలు కథ డీవీడీతో మొదలవుతుంది.

డీవీడీ ప్లేయర్లు 1996 నవంబరులో జపాన్‌లో, 1997లో అమెరికాలో అమ్మకానికి వచ్చాయి. సీడీలో 700 ఎంబీ పడితే డీవీడీ ఒక పొరలో 4.7 జీబీ పట్టేది. సినిమా మొత్తం ఒకే డిస్కులో, అద్దంలాంటి బొమ్మతో. కాకపోతే ధర చుక్కల్లో ఉండేది.

అప్పుడు వచ్చింది ప్లేస్టేషన్ 2. తేదీ 2000 మార్చి 4, ధర 39,800 యెన్‌లు. ఆటల యంత్రమే, కానీ డీవీడీ సినిమాలు కూడా ఆడుతుంది. ఆ రోజుల్లో జపాన్ దుకాణాల్లో చాలా డీవీడీ ప్లేయర్లకన్నా ఇదే చవక. మొదటి రెండు మూడు రోజుల్లోనే దాదాపు పది లక్షలు అమ్ముడయ్యాయి. కొత్తలో ఆటల డిస్కులకన్నా 'ద మేట్రిక్స్' సినిమా డీవీడీయే ఎక్కువ పోయిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంటే పిల్లవాడు ఆటల కోసం అడిగాడు, తండ్రి సినిమాల కోసం ఒప్పుకున్నాడు. అదే ఏడాది అక్టోబరులో 299 డాలర్లకి అమెరికా వెళ్లింది. మొత్తం మీద ప్రపంచంలో 15 కోట్లకి పైగా అమ్ముడై, అన్ని గేమ్ కన్సోళ్లలోకీ ఎక్కువ అమ్ముడైనదిగా నిలిచింది.

మిగతా కంపెనీలు ఏం చేశాయో చూస్తే సరదాగా ఉంటుంది. సెగా వాళ్ల డ్రీమ్‌కాస్ట్ 1998లోనే వచ్చింది కానీ డీవీడీ ఆడదు. 2001 మొదట్లో సెగా కన్సోళ్ల తయారీ మానేస్తున్నట్టు ప్రకటించింది. కారణాలు చాలా ఉన్నాయి, డీవీడీ లేకపోవడం వాటిలో ఒకటి. నింటెండో వాళ్లు 2001లో గేమ్‌క్యూబ్ తెచ్చారు. దానికి అరచేతిలో ఇమిడే 8 సెంటీమీటర్ల చిన్న డిస్కులు, మామూలు డీవీడీ అందులో పెట్టడానికే పట్టదు. అయితే అదే ఏడాది చివర్లో పానాసోనిక్ వాళ్లు గేమ్‌క్యూబ్‌నీ డీవీడీ ప్లేయర్‌నీ కలిపి 'క్యూ' అనే తళతళలాడే యంత్రం చేసి జపాన్‌లో అమ్మారు. ఎక్కువ కాలం నిలవలేదు.

మైక్రోసాఫ్ట్ వాళ్ల లెక్క ఇంకోలా ఉంది. 2001 నవంబరులో వచ్చిన ఎక్స్‌బాక్స్‌లో డీవీడీ డ్రైవు ఉంది, కానీ సినిమా డిస్కు పెడితే ఆడదు. విడిగా 30 డాలర్లు పెట్టి రిమోట్, దాని రిసీవరు కొనాలి. డీవీడీ సినిమా ఆడించే ప్రతి యంత్రానికీ ఆ హక్కులున్నవాళ్లకి రుసుము కట్టాలి. సినిమా చూడనివాళ్ల కోసం అది మేమెందుకు కట్టాలి అనుకున్నారు. ఇడ్లీ కొన్నవాళ్ల దగ్గర చట్నీకి వేరే డబ్బులు తీసుకున్నట్టు! వ్యాపారం లెక్కలో తప్పులేదు గానీ, కొన్నవాళ్లకి మాత్రం చిరాకే.

ఇంతకీ మన తెలుగు ఇళ్లలో ఈ రెండిట్లో ఏది గెలిచింది? సందేహం లేకుండా విడి ప్లేయరే. కారణాలు చూస్తే మన ఇళ్ల తీరు తెలుస్తుంది.

మొదటిది, ప్లేస్టేషన్ 2 డీవీడీలు ఆడుతుంది కానీ వీసీడీలు ఆడదు. మన దగ్గరేమో బీరువాల నిండా వీసీడీలే. పెళ్లి వీసీడీ ఆడని యంత్రం ఎంత గొప్పదైతే మనకేం లాభం? అదే బజారులో దొరికే చవక ప్లేయరు వీసీడీ, డీవీడీ, ఎంపీ3 పాటల సీడీ, ఏది పెట్టినా ఆడేది. రెండోది ధర. 2007లో ప్లేస్టేషన్ 3 మన దేశానికి వచ్చినప్పుడు దాదాపు 40 వేలు. అప్పటికి డీవీడీ ప్లేయరు రెండు మూడు వేలకే వస్తోంది. పైగా అదే ఏడాది మోజర్ బేర్ కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకి, డీవీడీని 34 రూపాయలకి తెచ్చింది. 34 రూపాయల డిస్కు చూడటానికి 40 వేల యంత్రం ఎవరు కొంటారు చెప్పండి?

మూడో కారణం ధరల పట్టికల్లో కనిపించదు, మన ఆడవాళ్లకి తెలుస్తుంది. అది రిమోట్. ప్లేయర్ రిమోట్ ఎవరి చేతికైనా వస్తుంది. త్రికోణం నొక్కితే ఆడుతుంది, రెండు గీతలు నొక్కితే ఆగుతుంది. అత్తగారు కూడా రెండు రోజుల్లో నేర్చుకుంటారు. గేమ్ కన్సోల్‌కి అలా కాదు. పెట్టెతోపాటు వచ్చేది పిల్లల చేతిలో ఉండే కంట్రోలరు, దాని మీద గుండ్రం, చతురస్రం, త్రికోణం, ఇంటూ గుర్తు. ఏది నొక్కితే ఏమవుతుందో పిల్లల్ని పిలిచి అడగాలి. సినిమా రిమోట్ కావాలంటే విడిగా కొనుక్కోవాలి. అందుకే కన్సోల్ ఉన్న ఇళ్లలో అమ్మ సినిమా చూడాలంటే పిల్లల తీరిక కోసం చూడాల్సి వచ్చేది. వాళ్ల ఆట మధ్యలో ఉంటే అది ఎప్పటికి అయ్యేను? ఒక పెట్టెలో రెండు పనులు ఉంటే ఒక పని ఎప్పుడూ వరసలో నిలబడాలి. ఆ వరసలో నిలబడేది ఎక్కువసార్లు మనమే.

ఇక పరాయి దేశంలో ఉన్న మనవాళ్ల సంగతి. ఇక్కడ ఒక చిన్న సాంకేతిక విషయం చెప్పాలి, భయపడకండి. ఆ రోజుల్లో మన దేశంలో టీవీ పద్ధతి పాల్, అమెరికా, జపాన్‌లలో ఎన్‌టీఎస్‌సీ. మన కరెంటు 50 హెర్ట్జ్, అమెరికాది 60. దాన్నిబట్టే మన టీవీ సెకనుకి 25 బొమ్మలు చూపిస్తే, వాళ్లది 30 చూపించేది. గీతల లెక్క కూడా వేరు, మనకి 625, వాళ్లకి 525. దీనికి తోడు డీవీడీలకి ప్రాంతాల అంకెలు పెట్టారు. అమెరికా ఒకటి, జపాన్ రెండు, మన దేశం అయిదు. ఒక ప్రాంతం డిస్కు ఇంకో ప్రాంతం యంత్రంలో ఆడకుండా సినిమా కంపెనీలు వేసుకున్న తాళం అది.

తెలుగు సినిమా డీవీడీలకి ఈ తాళం చాలావరకు ఉండేది కాదు. చిక్కంతా ఇంటి వీడియోలతోనే. ఇక్కడ పెళ్లి చేసి, ఫోటో స్టూడియో ఇచ్చిన డీవీడీని అమెరికాలో ఉన్న అన్నయ్యకి పంపితే, అది పాల్ డిస్కు. అమెరికాలో కొన్న ప్లేస్టేషన్ 2 గానీ ప్లేస్టేషన్ 3 గానీ దాన్ని ఆడదు. సెలవు దొరక్క పెళ్లికి రాలేని అన్నయ్య, డిస్కు చేతిలో పెట్టుకుని కూడా చెల్లెలి తాళి కట్టే ఘడియ చూడలేడు. ఆటల్లో ఆరితేరిన 300 డాలర్ల యంత్రం ఓడిపోయిన చోట చవక ప్లేయర్లు గెలిచాయి. 2000లో అమెరికాలో అపెక్స్ అనే కంపెనీ ప్లేయరు ఒకటి 180 డాలర్లకి వచ్చింది. వీసీడీలు, ఎంపీ3లు ఆడేది. పైగా ఒక రహస్య మెనూలోకి వెళ్తే ప్రాంతాల తాళం కూడా ఊడిపోయేది. ఆ తర్వాత పాల్‌ని ఎన్‌టీఎస్‌సీగా మార్చి చూపించే చవక ప్లేయర్లు చాలా వచ్చాయి. ఇలాంటి ప్లేయర్ ఒకటి ఇంట్లో ఉంటే ఊరి నుంచి వచ్చిన ఏ డిస్కు గురించీ బెంగ ఉండేది కాదు.

అయితే విడి ప్లేయరే ఎప్పుడూ గెలిచిందా అంటే, లేదు. కన్సోల్ గెలిచిన ఘట్టం ఒకటుంది. ఇందాక గుర్తుపెట్టుకోమన్న బీటామాక్స్ ఓటమి ఇక్కడికి వస్తుంది.

2006లో డీవీడీ తర్వాతి తరం డిస్కు కోసం మళ్లీ రెండు పక్షాలు తయారయ్యాయి. తోషిబా వాళ్లది హెచ్‌డీ డీవీడీ, పొరకి 15 జీబీ. సోనీ, ఇంకా కొందరిది బ్లూ-రే, పొరకి 25 జీబీ. తోషిబా మొదటి ప్లేయరు ఆ ఏప్రిల్‌లో 499 డాలర్లకి వచ్చింది. జూన్‌లో వచ్చిన శామ్‌సంగ్ బ్లూ-రే ప్లేయరు 999 డాలర్లు. సరిగ్గా రెట్టింపు! ఈ ధర చూస్తే సోనీ పక్షం రెండోసారి కూడా ఓడిపోవాల్సిందే.

కానీ ఈసారి సోనీ ప్లేయరు మీదే ఆశ పెట్టుకోలేదు. నవంబరులో వచ్చిన ప్లేస్టేషన్ 3 లోపలే బ్లూ-రే పెట్టేసింది. ధర 499, 599 డాలర్లు, తయారీ ఖర్చుకన్నా తక్కువకే. ఆటల యంత్రానికి అది ఎక్కువ ధరే, అందరూ తిట్టుకున్నారు. బ్లూ-రే ప్లేయరుగా చూస్తే మాత్రం అదే అన్నిటికన్నా చవక. మైక్రోసాఫ్ట్ హెచ్‌డీ డీవీడీ పక్షాన నిలిచింది, కానీ ఎక్స్‌బాక్స్ 360కి ఆ డ్రైవుని విడిగా 199 డాలర్లకి అమ్మింది. విడిగా అమ్మే వస్తువు కొందరే కొంటారు, లోపల పెట్టి ఇచ్చినది అందరింటికీ వెళ్తుంది. తేడా అక్కడే వచ్చింది. ఆట కోసం కొన్న ప్రతి ఇల్లూ తెలియకుండానే బ్లూ-రే ఇల్లు అయిపోయింది. 2008 జనవరిలో వార్నర్ సినిమా కంపెనీ బ్లూ-రే వైపు వచ్చేసింది. ఫిబ్రవరి 19న తోషిబా చేతులెత్తేసింది. ఇరవై ఏళ్ల కిందటి ఓటమికి సోనీ పిల్లల ఆటబొమ్మతో బదులు తీర్చుకుంది.

ఆ రోజుల్లో బ్లూ-రే చూడాలంటే ప్లేస్టేషన్ 3 కొనుక్కోమని సినిమా పిచ్చి ఉన్నవాళ్లు కూడా చెప్పేవారు. కారణం ఉంది. బ్లూ-రే పద్ధతి ఏటా మారుతూ వచ్చింది. కొత్త సదుపాయాలు మొదటి విడి ప్లేయర్లలో చాలావాటికి చేరలేదు. వెయ్యి డాలర్లు పోసి కొన్నవాళ్లు అక్కడే ఆగిపోయారు. ప్లేస్టేషన్ 3 మాత్రం ఇంటర్నెట్ ద్వారా తనని తాను మార్చుకుంటూ, 2010లో త్రీడీ సినిమాలు కూడా ఆడింది. 60 జీబీ మోడల్‌కి ముందువైపు కెమెరా మెమరీ కార్డులు పెట్టే చోటు కూడా ఉండేది, పాప మొదటి అడుగుల వీడియోని కార్డు తీసి అందులో పెట్టుకుని చూసుకోవడమే.

అయితే మొదటి ప్లేస్టేషన్ 3 సినిమా ఆడుతున్నప్పుడు కూడా 150 వాట్లు దాటి కరెంటు తినేది, అంటే రెండు సీలింగ్ ఫ్యాన్లంత. మామూలు డీవీడీ ప్లేయరుకి పది పదిహేను వాట్లు చాలు. పైగా లోపలి ఫ్యాన్ చప్పుడు. సినిమాలో నెమ్మదిగా మాట్లాడుకునే సన్నివేశం వస్తే ఆ హోరు కూడా వినాలి. ఒకే లేజర్ ఆటలకీ సినిమాలకీ పనిచేస్తుంది కాబట్టి అరుగుదల కూడా రెండింతలు. అది పాడైతే ఆటా పోయె, సినిమా పోయె. రెండు వేల ప్లేయరు పోతే ఇంకోటి కొనుక్కుంటాం, కన్సోల్ పోతే ఇంట్లో వారం రోజులు శోకాలే.

ఆ తర్వాత కథ వేగంగా నడిచింది. నెట్‌ఫ్లిక్స్ వంటివి వచ్చి సినిమా డిస్కు అవసరమే తగ్గించేశాయి. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4 డీవీడీ, బ్లూ-రే ఆడుతుంది కానీ మామూలు పాటల సీడీ కూడా ఆడదు. 2020లో ప్లేస్టేషన్ 5ని డిస్కు డ్రైవు ఉన్నదొకటి, లేనిదొకటి అని రెండు రకాలుగా తెచ్చారు. మైక్రోసాఫ్ట్ సిరీస్ ఎస్‌కి డ్రైవే లేదు. 2024లో వచ్చిన పీఎస్5 ప్రోకి కూడా లోపల డ్రైవు లేదు, కావాలంటే విడిగా కొని తగిలించుకోవాలి. విడి ప్లేయర్ల పరిస్థితీ అంతే. మంచి ప్లేయర్లకి పేరుపడ్డ ఒప్పో 2018లో తయారీ ఆపేసింది, మరుసటి ఏడాది శామ్‌సంగ్ అమెరికాలో కొత్తవి తేవడం మానేసింది. సవతుల్లా కొట్లాడుకున్న రెండూ ఒకేసారి ఇల్లు ఖాళీ చేస్తున్నాయి.

సినిమాలకి దీనివల్ల పెద్ద నష్టం లేదు. మనం డీవీడీలో చూసిన చాలా సినిమాలు ఈరోజు ఫోన్‌లో దొరుకుతాయి. దొరకనివి మన ఇంటి సినిమాలే. మన పెళ్లి, పిల్లల అన్నప్రాశన, ఇప్పుడు లేని నాన్నగారు పంక్తిలో అందరినీ పలకరిస్తూ తిరిగిన వీడియో, ఇవి ఏ యాప్‌లోనూ రావు. ఉన్నవి ఆ ఒక్క డిస్కులోనే. స్టూడియోల్లో రాసి ఇచ్చిన డిస్కులు కంపెనీ సినిమా డిస్కుల్లా గట్టివి కావు. వాటిలో బొమ్మ నిలిచేది ఒక రంగు పొర మీద, ఎండకీ వేడికీ తేమకీ అది నెమ్మదిగా చెడిపోతుంది.

కాబట్టి ఎవరైనా నన్ను ఏది కొనాలని అడిగితే చెప్పేది ఇది. కొత్త సినిమాల కోసమే అయితే, పిల్లల దగ్గర డ్రైవు ఉన్న కన్సోల్ ఉంటే చాలు, ఇంకో పెట్టె అక్కర్లేదు. ఇంట్లో వీసీడీలు, పాత పెళ్లి డీవీడీలు ఉంటే మాత్రం కన్సోల్‌ని నమ్ముకోవద్దు, పాత ప్లేయరుని పాతసామాన్లవాడికి వేయొద్దు. అంతకన్నా మంచి పని ఇంకోటుంది. కంప్యూటర్‌కి తగిలించే యూఎస్‌బీ డీవీడీ డ్రైవు ఒకటి సంపాదించండి. డీవీడీ అయితే 'వీడియో టీఎస్' అనే ఫోల్డరు, వీసీడీ అయితే 'ఎంపెగ్ ఏవీ' అనే ఫోల్డరు కనిపిస్తాయి. వాటిని అలాగే హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయర్ వాటిని ఆడిస్తుంది. దానికి పాల్, ఎన్‌టీఎస్‌సీ గొడవ లేదు, అమెరికాలో ఉన్న అన్నయ్య కంప్యూటర్‌లో కూడా హాయిగా ఆడుతుంది. ఒక కాపీ మీ దగ్గర, ఇంకోటి తోబుట్టువుల దగ్గర ఉంచండి.

మామిడికాయలు దొరికే రోజుల్లోనే ఆవకాయ పెట్టుకుంటాం కదా, ఇదీ అంతే. డ్రైవులు ఇంకా బజారులో దొరుకుతున్నాయి. ఈ వేసవి సెలవుల్లో పిల్లలు ఇంట్లో ఉన్నప్పుడు వాళ్లకే ఈ పని అప్పజెప్పండి. కన్సోల్‌లో సినిమాలు వస్తాయని మనకి చెప్పింది వాళ్లే కదా, రానివాటి సంగతి కూడా వాళ్లనే చూడమనండి!